వీధి గుమ్మం

సఖినేటిపల్లి రేవులో పంటు దిగాక
ఆటో వద్దంది, నడుస్తానంది.
చేతిలో ఎర్ర సూట్‌కేసు, ఒక చక్రం లేదు.
జహ్రాలో మేడం కొడుకు తన్నితే ఊడిందట,
మా అమ్మ కళ్ళ ముందే.
తొమ్మిదేళ్ళయింది. అదే సూట్‌కేసు.

కుసుమలత అని పేరు చెప్పగానే
"మనోళ్ళ పిల్లేనేటే?" అంది నానమ్మ.
సిలోను అన్నాను.
"సిలోనంటే రేడియో కదా!"
ఆ రేడియో మా ఇంట్లో ఏనాడూ లేదు,
ఊడుపులకెళ్ళినప్పుడు ఎవరి అరుగు మీదో విన్నదే.

అమ్మకి సింహళం రాదు, ఆవిడకి తెలుగు రాదు.
ఇద్దరికీ కలిపి వంటింటి అరబ్బీ.
కడుగు, తుడువు, ఎత్తు, తొందరగా, రేపు, అయిపోయిందా.
ఎవరో అరిచిన మాటలే, ఒక పాతికో ముప్పయ్యో.
వాటినే అటు తిప్పి ఇటు తిప్పి
కబుర్లు చెప్పుకుంటున్నారు.
ఒకతె "ఖలాస్" అంటే
రెండోది పొట్ట పట్టుకుని చాప మీద దొర్లింది.
నాకు పందొమ్మిదేళ్ళు.
మా అమ్మ ఇంత నవ్వు ఎక్కడ దాచిందో.

రేవులో మోకాల్లోతు దిగి "మై, మై" అంది ఆవిడ.
మై అంటే నీళ్ళట.
మనకి ఒళ్ళు కదా అన్నాను.
అమ్మ అది ఎలా చెప్పాలో తెలియక
దోసెడు నీళ్ళు తీసి ఆవిడ భుజం మీద పోసింది.

నాన్న పక్కింట్లోంచి నీలం కుర్చీ తెచ్చాడు.
ఆవిడ కూర్చోదు.
అన్నం పెడితే గిన్నె పట్టుకుని
మా వెనకాల నిలబడుతుంది.
నాన్న గ్లాసు సగమైతే చాలు, నీళ్ళు పోసేస్తుంది.
మూడు గ్లాసులు తాగి, పాపం నాన్న
నాలుగోదాని మీద చెయ్యి అడ్డం పెట్టాడు.
తెల్లారకుండానే వాకిలి ఊడ్చి ఉంది,
గిన్నెలు బోర్లించి ఉన్నాయి.
"సుట్టానివా, పనిమనిషివా!" అని
నానమ్మ చీపురు లాగింది. ఆవిడ వదల్లేదు.
పేటంతా నిలబడి చూసింది.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు.
కువైట్ నుంచి వచ్చిన ఏడాదంతా
తనూ గిన్నెలు తోమేచోటే తినేది, గోడవేపు తిరిగి.
మేం అలవాటనుకున్నాం.

మూడోనాడు కొబ్బరి కోరింది కుసుమలత.
వాళ్ళ చేప ఇక్కడ దొరకదు,
మా ఎండు మెత్తళ్ళు వేయించి పొడిచేసి,
మిరపకాయలు, నిమ్మకాయ, రోలు వద్దని
చేత్తోనే నలిపింది, చేతులు ఎర్రబడేదాకా.
నానమ్మ నాలిక్కి రాసుకుని "ఉప్పు తగ్గింది" అంది.
రెండోసారి అన్నం పెట్టించుకుంది.
ఆ పూట, నానమ్మ పక్కన
కుర్చీలో కాదు, నేల మీద,
కుసుమలత కూర్చుని తింది.

వెళ్ళేనాటికి నాన్న చక్రం బిగించాడు.
ఎవరి పిల్లాడి బండిదో, కాస్త పెద్దది.
రేవుదాకా ఆ పెట్టె
ఓ పక్కకి ఒరిగి, తాగినోడిలా నడిచింది.
పంటు కదిలేటప్పుడు ఆవిడ అమ్మతో ఏదో అంది.
అమ్మ నవ్వలేదు.
అడిగితే చెప్పలేదు.

మర్నాడు చేప పొలుసు గీస్తూ, తలెత్తకుండా:
"మూడు దేశాలు తిరిగిందే అది.
ఒక్క ఇంట్లోకీ వీధి గుమ్మంలోంచి వెళ్ళలేదంట.
మనింటికొచ్చినప్పుడు
ఎటునుంచి రావాలో తెలక నిలబడిపోయిందంట."

నిజమే, ఆ రోజు బయటే చాలాసేపు నిలబడింది.
ఇంటి పక్కకెళ్ళి, వెనక్కెళ్ళి చూసొచ్చింది.
కుక్కకి భయపడిందనుకుని
నేను కుక్కని అదిలించాను.

మా ఇంటికి ఉన్నదే ఒక గుమ్మం.
దొడ్డిదీ అదే, వీధిదీ అదే.
నెత్తి తగలకుండా వంగి రావాలి ఎవరైనా.
ఆదివారం దానికి రంగేస్తానన్నాడు నాన్న.
రెండు ఆదివారాలయ్యాయి.
డబ్బా అక్కడే ఉంది, మూత తియ్యలేదు.