చెరి సగం

జీవశాస్త్రం పుస్తకం ఒకటి, మేం ఇద్దరం.
గొడవ తేలక అమ్మ
చేపల కత్తితో దాన్ని నిలువునా చీల్చింది.
ముందు పుట్టిన అపియోకి గుండె దాకా,
తర్వాత పుట్టిన నాకు అక్కణ్ణించి.
ఒక్క కాగితం మాత్రం వంకరగా తెగింది.

కిసుము రేవులో అమ్మ ఒమేనా చేపలు ఎండబోస్తుంటే
పొట్లాల కాగితాల్లో మేం
పాత ప్రశ్నపత్రాలు ఏరుకునేవాళ్ళం.
నూనె మరక కింద ఆరో ప్రశ్న.
ఎన్ని మార్కులో పొలుసు గీకితేగానీ తెలీదు.

రాత్రి సోలార్ దీపం రెండు గంటలే.
అది ఆరాకే అసలు చదువు.
"నీ సగంలో ఏముందో చెప్పు, అడోంగో."
నేను తడబడిన చోటల్లా
నా వీపు మీద వేలితో గీత గీసేది.
తెల్లారి ఆ పేజీయే మళ్ళీ,
మూడ్రోజులాగి మళ్ళీ,
వీపు మీద వేలు కదలనిదాకా.

రక్తం వెనక్కి పోకుండా ఆపేది...
కత్తి ఆ మాటనే మింగేసింది.
మేమే ఒక మాట వేసుకున్నాం: తలుపు.

మాక్ పరీక్షలో ఇద్దరం అదే రాశాం.
"ఎవరిది చూసి ఎవరు రాశారు?"
ఒవూర్ మాస్టారి బెత్తం బల్ల మీద మోగింది.
సంచుల్లోంచి రెండు ముక్కలూ తీసి పెట్టాం.

చాలాసేపు చూశాడు.
రెంటినీ జోడించి, అతుకు మీద
ఎర్ర సిరాతో రాశాడు: కవాటం.
మొదటి అక్షరం తన కాగితం మీద,
చివరిది నా కాగితం మీద,
నడిమిది ఇద్దరికీ.

మార్కులు మాత్రం వెయ్యలేదు.