అరవై అయిదు వాట్లు

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి
ఇంచుమించు నూరు వాట్ల వేడి వస్తుంది.
ఏసీ మెకానిక్‌ని. పదకొండేళ్ళుగా
కువైట్ మిద్దెల మీద గ్యాస్ గొట్టాలు మెడలో వేసుకుని
ఒళ్ళు కాల్చుకుని నేర్చుకున్న లెక్క ఇది.

ఖైతాన్‌లో మా గది. ఆరుగురం, ఆరు నూర్లు.
రైస్ కుక్కరు, ముసలి ఫ్రిజ్జు,
సాయంత్రం నాలుగింటికి రొట్టె కాల్చుకోగలిగే పడమటి గోడ.
కిటికీ ఏసీ ముక్కుతూ మూలుగుతూ
అంతటినీ ఇరవై ఆరు దగ్గర నిలబెడుతుంది.
దాని నెత్తిన ఇంకేం పెట్టినా జవాబుదారీ నాదే.

మంచం కింద కంప్యూటరు.
ఒక బ్యాంకు పారేస్తుంటే తెచ్చుకున్నాను,
లినక్స్ ఎక్కించాను, అది నన్ను ఏ కాగితం అడగలేదు.
దాని పనే కాగితాలు:
అరబ్బీ చీటీ ఫోటో తీసి పెడితే తెలుగులో చెబుతుంది.
అందులో మా సివిల్ ఐడీలుంటాయి, జీతాలుంటాయి,
గడప దాటనివ్వను. అంతా లోపలే ఉడకాలి.
నాలుగు కోర్ల పాత చిప్పు,
పేజీకి పద్నాలుగు నిమిషాలు.

మొన్న ఓబులేసు, కింద కారులో మందూబు హారన్ కొడుతుంటే,
పన్నెండో నిమిషంలో సంతకం పెట్టేశాడు.
కాగితం పోయాక రెండు నిమిషాలకి
తెర మీద అందరం చదివాం:
సెలవు జీతం పూర్తిగా ముట్టినది.

శుక్రవారం హవల్లీ పోయాను.
నిదాల్ అనే సిరియా కుర్రాడు
గాజుబల్ల మీద రెండు చిప్పులు పెట్టాడు.
రెండూ నా బోర్డులో కూర్చునేవే.
రెండింటికీ వెంట్రుకల్లాంటి బంగారు కాళ్ళు,
పదమూడు వందల ముప్పై ఒకటి.
ఒక్క కాలు వంగినా లోపలికి రానివ్వదు బోర్డు,
ఇక్కడి వీసా కిటికీ మాదిరి.

"గేమ్స్‌కా?"
"కాదు, కాగితాలకి."
నవ్వబోయి మానేశాడు. వాడి దగ్గరా కాగితాలున్నట్టున్నాయి.

పెద్దది పన్నెండు కోర్లు, పేజీకి నాలుగు నిమిషాలు పట్టొచ్చు.
నూట అయిదు వాట్లు. అంటే అద్దె కట్టని ఏడో మనిషి,
అదీ నిద్రపోని మనిషి, నా మంచం కింద.
పైగా తెరకి బొమ్మ పంపడం దానికి రాదు, వేరే కార్డు కొనాలి.
చిన్నది ఎనిమిది కోర్లు, పేజీకి ఆరు.
అరవై అయిదు వాట్లు. పదేళ్ళ పిల్లోడు పక్కన పడుకున్నట్టు.
పేరు చివర ఒకే ఒక్క అక్షరం, బొమ్మ లోపలే ఉందని.

తేడా రెండు నిమిషాలు.
పోయిన నెల దాకా రెండు నిమిషాలంటే నాకు లెక్కే లేదు.

నిదాల్ అన్నాడు: పెద్దదే తీసుకో,
అరవై అయిదు దాటకుండా కట్టేసుకో, సెట్టింగుల్లో ఉంటుంది.
నిజమే, కట్టెయ్యొచ్చు.
కానీ మా సుంకన్న బీటెక్.
ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోస్తాడు.
కట్టేసి వాడుకోవడం ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నాను.

నలభై రెండు దీనార్లు. చిన్నదే.
పన్నెండు నిమిషాలు ఆగినవాడు
ఆరు ఆగలేడా అనుకున్నాను.
బస్సులో ఆ మాట మీద అంత నమ్మకం లేదు.

రాత్రి ముందు పాత చిప్పుతోనే
బోర్డుకి కొత్తదాని పేరు నేర్పాను.
ఆ మూడు నిమిషాలూ మహబూబ్ పీరా
స్విచ్చి దగ్గర చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు,
కుక్కరు కూడా పెట్టనియ్యలేదు ఎవరినీ.
తర్వాత పాతది పీకి, కందిగింజంత పేస్టు వేసి,
కొత్తదాన్ని దించి కొక్కెం బిగించాను.

ఎన్ని కోర్లని అడిగాను. ఎనిమిదీ పలికాయి.
ఫ్యాను గొంతు ఏసీ మూలుగులో కలిసిపోయింది.

మొదటి కాగితం ఓబులేసుదే, ఇంకోటి వచ్చింది.
కింద కారు హారన్.
పీరా కిటికీ తీసి, వేడి మొహానికి కొట్టినా,
"ఉండబ్బా, సదువుతా ఉండాడు!" అని అరిచాడు.

నాలుగో నిమిషం.
ఓబులేసు పెన్ను మూత ఇంకా తియ్యలేదు.
గోడ మీద ఇరవై ఆరున్నర.