మూడున్నర వేళ్ళు

యూరాతె లిథువేనియాకి తిరిగి వెళ్ళిపోతూ
విమానంవాళ్ళు అడిగిన అదనపు రుసుముకి నాలుగు తిట్లు తిట్టి
గిటార్‌ని నా మంచం మీద పడేసి పోయింది.
ఐదు తీగలున్నాయి. ఆరోది ఎప్పుడు తెగిందో తనకీ గుర్తులేదు.

నవంబరు ఆఖరు. బోట్స్‌ఫ్యూర్‌లో సూర్యుడు
రెండు నెలలు సెలవు పెట్టి వెళ్ళిపోయే రోజులు.
చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులు మూడుసార్లు కడిగి,
అయినా కాడ్ వాసన వదలని వేళ్ళతో
ఫోన్లో వెతికాను, గిటార్ నేర్పేవాళ్ళెవరని.

ఎంతమందో!
సంతలో చెయ్యి పట్టి లాగినట్టు
ఏడు రోజులు ఉచితం, పధ్నాలుగు రోజులు ఉచితం,
కార్డు నంబరు మాత్రం ముందే ఇచ్చి పో.

మొదటివాడి పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయి.
పది రోజుల్లో పది పాటలన్నాడు.
పదకొండో రోజు సంగతి అడుగుదామంటే
వాడు ఎప్పుడో రికార్డయిపోయిన మనిషి.

ఇంకోచోట పాఠాన్ని ఆట చేసేశారు.
సరిగ్గా నొక్కితే బంగారు నాణెం, తప్పితే ఎర్రదీపం.
ఎర్రదీపం నాకు ఫ్యాక్టరీలోనూ ఉంది,
బెల్టు ఆగినప్పుడల్లా వెలుగుతుంది.
ఇంటికొచ్చి కూడా దానికి సంజాయిషీ చెప్పుకోలేను.

మూడోది మంచిదే. ధర చూసి మూసేశాను.

అసలు చిక్కు వేరే.
ఆరేళ్ళ కిందట ఫిల్లెట్ మెషీను
నా ఎడమచేతి ఉంగరపు వేలినీ చేపే అనుకుంది.
తీగలు నొక్కడానికి బొటనవేలు లెక్కలోకి రాదు గదా,
మిగిలినవి మూడున్నర.
"ఇప్పుడు ఉంగరపు వేలు మూడో మెట్టు మీద" అని
ఎంత తేలిగ్గా అంటారో వీడియోల్లో,
ఆ ఉప్పు ఇలా అందుకో అన్నంత తేలిగ్గా.

చందా కట్టేముందు అందరికీ ఒకటే రాశాను:
మూడున్నర వేళ్ళతో వస్తుందా?

ఒకరు నిమిషంలో జవాబిచ్చారు, మీ అభిప్రాయం మాకు అమూల్యమని.
ఒకరు ఇరవై శాతం తగ్గించారు.
సగం వేలికి ఇరవై శాతం, ఏ లెక్కనో.
ఒకావిడ, సంకల్పముంటే అసాధ్యం లేదంటూ
బిగించిన పిడికిలి బొమ్మ పంపింది.
పిడికిలికి వేళ్ళన్నీ ఉన్నాయి.

పోర్తో నుంచి అడెలినో అనే పెద్దాయన,
నలభైమందికి మించని శిష్యులు, మబ్బు పట్టిన కెమెరా,
మూడు రోజుల తర్వాత రాశాడు:
"తెలియదు. చెయ్యి ఫొటో పంపు."

తెలియదు.
దుప్పటి కింద ఆ మాట మళ్ళీ తీసి చదివాను.
అంత పెద్ద బజారులో
ఆ సరుకు ఇంకెవరి దగ్గరా చూడలేదు.

ఫొటో పంపాను. వారం దాకా చప్పుడు లేదు.
తర్వాత వీడియో వచ్చింది. సగం ముఖమే కనిపిస్తోంది,
వెనకెవరో గిన్నెలు కడుగుతున్నారు.
తన ఉంగరపు వేలిని నడి కణుపు దగ్గర మడిచి
తెల్ల ప్లాస్టరు చుట్టేసుకున్నాడు.
వారం నుంచీ అలాగే ఉన్నాడట. ఒక కాఫీ కప్పు పగిలిందట.
"జి ఇలా పట్టు. చిటికెన వేలు దూరం పోవాలి,
ఏడుస్తుంది, ఏడవనీ.
ఎఫ్ ఇంకా నాకూ రాలేదు."

నెలకి పద్దెనిమిది యూరోలు. కట్టాను.

బంగారు నాణేలవాళ్ళది రద్దు చెయ్యడం మరిచి
నూటయాభై క్రోన్లు పోగొట్టుకున్నాను.
ఇప్పటికీ రోజూ పొద్దున్నే రాస్తారు,
సోల్‌ఫ్రిడ్, నీ గిటార్ నీకోసం బెంగపడుతోంది అని.

దాని సంగతి వాళ్ళకేం తెలుసు.
గోడకి ఆనుకుని ఉంది, ఆరు తీగలతో.
కాయలు కాస్తున్న నా వేళ్ళు
కత్తి పిడి మీదే జి పట్టేస్తున్నాయి,
ఫోర్‌మన్ చూస్తున్నాడు. చూడనీ.

ఎఫ్ గురించి శనివారం ఏదో చెప్తానన్నాడు.
ప్లాస్టరు ఇంకా తియ్యలేదట.