దాదాపు ప్రతిచోటా

రఫియా మేడం సుద్దముక్క విరిచి
బోర్డు మీద ఒక పిచ్చిగీత గీసింది.
ఎక్కడా రెండు చుక్కలు చేయి పట్టుకోని గీత,
సాయంత్రం ఆరింటికి కోఠి బస్టాపు చప్పుడులాంటిది.
"ఏ బిందువు దగ్గరా దీనికి అవిచ్ఛిన్నత లేదు.
కానీ మొత్తం కూడితే అందుతుంది. మనకది చాలు."

తర్వాత ఒక కిటికీ గీసింది.
లోపల పడ్డదంతా కూడి వెడల్పుతో భాగించమంది.
"ఇప్పుడు కిటికీని జర పక్కకు జరుపు."
ఒక అంచున కొంచెం వచ్చి చేరింది,
ఇంకో అంచున కొంచెం జారిపోయింది.
సగటు ఉలిక్కిపడలేదు.
అంత గతుకుల దారిలో
నిండుకుండ నెత్తిన పెట్టుకుని
తొణక్కుండా నడిచిపోయింది.

ఆ ఏడు నాకు పొద్దున తార్నాకలో క్లాసు,
మధ్యాహ్నం వానలెక్కల ఆఫీసులో దినకూలీ.
బోరబండ నాలుగు. ఉప్పల్ తొమ్మిది.
గోల్కొండ నూట పన్నెండు.
పదహారు కేంద్రాల సగటు ముప్పై ఒకటి.
నేనే టైపు చేశాను:
నగరంలో మోస్తరు వాన.
హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన సంగతి
నా పట్టికలో ఏ గడిలోనూ లేదు.

మూసానగర్ చేరేసరికి
మా నాయనమ్మ పోశవ్వ మంచమ్మీద మంచమెక్కి కూచుంది.
ఆఫీసు మాట చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది.
"గట్లనా బిడ్డా," అంది,
"మరి గీ మోకాలెత్తు నీళ్ళు గూడ మోస్తరియేనా?"

మర్నాడు క్లాసులో కిటికీ చిన్నదవుతూ పోయింది.
నగరం, సర్కిలు, బస్తీ, గల్లీ, గడప.
"ఇట్లా కుదిస్తూ పోతే
ఆ సగటే ఆ చోటి నిజమవుతుంది,
దాదాపు ప్రతిచోటా."
దాదాపు అన్నచోట నేను చెయ్యెత్తాను.
కాని చోట్లు?
"ఉంటాయి. లెక్కపెట్టలేనన్ని ఉండొచ్చు.
అన్నీ కలిపి పరిచినా కొలత సున్నా.
అక్కడి విలువలు నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకో,
మొత్తం మారదు."
చెప్పి, నా తడి చెప్పుల వైపు చూసింది.
సుద్ద చేతిలోనే ఉంది, చాలాసేపు ఏమీ రాయలేదు.

నీళ్ళు తీసినంక గోడ మీద బురదగీత మిగిలింది.
కింద ఎగుడుదిగుడు నేల,
మెట్టు, సిలిండరు, కుట్టుమిషను, సగం తేలిన పీట.
పైన ఒకటే గీత, ఇంటి చుట్టూ ఎక్కడా తెగకుండా.
పోయినసారి గీతకు నాలుగువేళ్ళ ఎత్తున.
ఎవరు నేర్పారో నీళ్ళకు.

మా నాయన బుచ్చయ్యది పుస్తకాల బైండింగు పని.
నా నోట్సు విప్పి
ఒక్కో కాగితం గోటితో ఎడం చేసి
దండెం మీద ఆరేశాడు.
సిరా ఊరింది.
ప్రతి అక్షరం పక్కదానికి తనలోంచి కొంత ఇచ్చి
అంచులన్నీ నలుపు నుంచి తెలుపుకి
మెల్లగా, ఎక్కడా దూకకుండా దిగుతున్నాయి.
నిన్నటి సిద్ధాంతం కూడగట్టుకుని చదవొచ్చు.
ఒక్క మాట దగ్గరే నీలంగా ఒక గుండ్రటి మరక.
ఏ మాటో నాకు తెలుసు.
నాయన దాన్ని వెలుతురుకి పట్టి
"ఇక్కడేముండె బిడ్డా?" అన్నాడు.