పది శాతం తడి

ఆనందపురం దాటాక ఎడమపక్క రేకుల షెడ్డు.
పొద్దున్న ఏడింటికి బస్సు దిగేసరికి
లారీలోంచి జారుతుంటాయి
ఊక, చెరకు పిప్పి, వేరుశనగ తొక్క,
భీమిలి తోటల్లో రాలిన సరుగుడు సూదులు,
కోతమిల్లు గొంతులోంచి ఊడ్చుకొచ్చిన పొట్టు.
ఎవరికీ అక్కర్లేనిది ఎంత తూగిందో
కాటా పక్కన కూచుని రాయడం నా ఉద్యోగం.

తడి పది శాతం దాటకూడదు.
దాటితే మిషను దగ్గుతుంది.
బయటికొచ్చిన కట్టె
నీళ్లు తాగిన సుద్దముక్కలా విరిగిపోతుంది.
ఇదేమో సముద్రం పక్క ఊరు.
ఇక్కడ గాలే ఒక తడిగుడ్డ.
పగలంతా ఆరిన పొట్టు
రాత్రికి రాత్రి ఉప్పగా బరువెక్కుతుంది.

మీటరు పాడైన వారం
నూకరత్నం గుప్పెడు పొట్టు తీసి పిండింది,
చెయ్యి తెరిచింది.
వేళ్ల గుర్తులతో ముద్ద ముద్దలాగే ఉండిపోయింది.
"ఇంకో ఎండ కావాల బాబూ" అంది.
సూపర్‌వైజరు నవ్వాడు, ఆర్డరుందన్నాడు.
మధ్యాహ్నం ఆవిరి తుపాకిలా పేలి
డై మూతి ఊడి గోడకి కొట్టుకుంది.
దెబ్బ ఎవరికీ తగల్లేదు, ఆర్డరుకి తప్ప.
అప్పట్నుంచి నా పుస్తకంలో
తడి గడిలో అంకె ఉండదు.
"నూ.ర. సరే" అని ఉంటుంది.

జిగురేం కలుపుతారని అడుగుతారు చూడ్డానికొచ్చినవాళ్లు.
ఏమీ కలపం.
వేడి పుట్టేదాకా నొక్కితే
చెక్కలో దాక్కున్న బంకే కరిగి పట్టుకుంటుంది.
నూకరత్నం పక్కనుంచి అందుకుంటుంది:
"మమ్మల్నీ అలాగే నొక్కేస్తన్నారు,
జీతం మాత్రం అంటుకోదేటి?"

మా ఇల్లు జ్ఞానాపురం.
పోర్టులో బొగ్గు లేచిన రోజు
దండెం మీది తెల్లచీర
సాయంత్రానికి వేరేవాళ్లదవుతుంది.
కిటికీ గట్టు మీద అమ్మ వేలితో గీస్తే
పలక మీద రాసినట్టే పడుతుంది గీత.

శనివారం విరిగిన ముక్కలు సంచిలో తెచ్చాను.
అంటుకోడానికి మొండికేశాయి,
అంటుకున్నాక ఆరడానికి మొండికేశాయి.
చేపల పులుసు ఉడికినంతసేపూ
వంటగదిలో వాన వెలిసిన సరుగుడు తోట.

తెల్లారి కుంపటి నిండా తెల్లటి బూడిద.
అమ్మ దాన్ని కొబ్బరి పీచుకద్ది
కిటికీ గట్టు తోముతోంది.
నల్లది వదులుతోంది.
సగం వదిలింది.
గాలి ఇంకా పోర్టు వైపునుంచే.