పందొమ్మిదో ప్రశ్న

సోహార్‌ల, పోర్టు రోడ్డుకు అవతల,
మా క్యాంపు మెస్సుల శుక్రవారం పొద్దుగాల
బల్లలు తుడిచి ఫారాలు పరిచిండ్రు.
సాంబారు మరక మీద తెల్ల కాయితం,
కాయితం మీద ఏదో యూనివర్సిటీ ముద్ర.

మృణ్మయి మేడం పుణె నుంచి వచ్చింది.
మంచి మనిషి. చెప్పులు బయట విడిచి వచ్చింది,
మా మెస్సుల ఎవ్వరు చెప్పులు విడువరు.
నేను స్టోర్‌కీపర్ని, ఇంటర్ ఫేలు.
హిందీ వస్తదని నన్ను దుబాసిని చేసింది.

"మీ పేరు ఎక్కడా రాయం" అని చదువుమన్నది. చదివిన.
పేరు రాయలేదు.
రూము నంబరు రాసినం, బెడ్డు నంబరు రాసినం,
ఊరు రాసినం, మండలం రాసినం.
"ఇష్టం లేకుంటే ఎప్పుడన్న లేచి పోవచ్చు" అన్నది.
తలుపు కాడ క్యాంపు బాసు వర్గీస్
కుర్చీ ఏసుకొని కూసున్నడు, ఒళ్లె హాజరు పుస్తకం.
ఎవ్వరు లేవలేదు.
బొటనవేళ్లు నీలం జేసుకొని
మా ఇష్టాన్ని మేమే గుద్దినం.
మనిషికి రెండు రియాళ్ల ఫోను కార్డు.

రాత్రి డ్యూటీ చేసినోళ్లు పండుకున్నరు, వాళ్లు లెక్కల లేరు.
పాస్‌పోర్టు కంపెనీకే విడిచి పారిపోయిన నర్సింలు లేడు.
క్లినిక్కుల సెలైన్ ఎక్కుతున్న భూమన్న లేడు.
లేచి, తానం జేసి, తల దువ్వుకొని వచ్చినోళ్లం
అందరి తరఫున మేమే.

"మీకు ఖాళీగా అనిపిస్తుందా?"
పెద్ద గంగారాం పకపక నవ్విండు:
"ఖాళీ యాడిదిరా, పన్నెండు గంటల డ్యూటీ!"
'ఎన్నడూ లేదు' డబ్బాల టిక్కు పడ్డది.

మాకొక మాట ఉన్నది, రంది.
అది బాధ గాదు, భయం గాదు.
అన్నం ముందట పెట్టుకొని
చెయ్యి కలపకుండ కూసుంటమే, అది.
ఇంటికెల్లి ఫోను రాకున్నా రంది, వచ్చినా రంది.
"ఇది ఏ డబ్బాల పడ్తది?" అని మేడం అడిగింది.
నాలుగు డబ్బాలు, అగ్గిపెట్టెల బొమ్మలంత.
అది ఎన్నిసార్లు అని లెక్క గాదు మేడం,
ఇంటిపేరు లెక్క ఎంబడే ఉంటది
అందామనుకున్న.
వర్గీస్ గడియారం చూసుకున్నడు.

లింబాద్రి వంతు వచ్చింది. మా రూమే, నా పై బంకు.
పందొమ్మిదో ప్రశ్న కాడ నా గొంతు నేనే తగ్గించిన:
"బతుకుడెందుకు అని ఎన్నడన్న అనిపిచ్చిందా?"
లింబాద్రి ఆమె దిక్కు చూడలే, నా దిక్కు చూడలే.
సాంబారు మరకను గోటితోని గీక్కుంట
"రోజూ" అన్నడు.

ఆ బల్ల కాడ
ఆ మాట నా చెవుల తప్ప ఎవ్వరి చెవుల పడలేదు.

పోయినేడు, దిమాక్ మంచిగ లేదని చెప్పుకున్న బిహారీ పోరన్ని
మూడో రోజుకే విమానం ఎక్కిచ్చిండ్రు.
లింబాద్రికి నాలుగు లక్షల అప్పు, నూటికి మూడు రూపాల మిత్తి.
మేడం పెన్ను పట్టుకొని ఆగింది. "ఏమన్నడు?"
"ఎన్నడూ లేదంటున్నడు, మేడం."

ఆరు నెలలకు రిపోర్టు వచ్చింది.
ఆఫీసుల అద్దం వెనుక అతికిచ్చిండ్రు,
కార్మికుల మనోబలం 'అనుకున్నదాని కన్న ఎక్కువ'.
ఫోటోల పెద్ద గంగారాం నవ్వుతున్నడు,
ఖాళీ యాడిదిరా అన్నప్పటి నవ్వే.
అడుగున చీమల్లాంటి అచ్చరాలల్ల
'దుబాసీ వల్ల కొన్ని తేడాలు ఉండవచ్చు'.
ఆ ముక్క నేను.
నా పేరు గూడ యాడ రాయలేదు.

ఆమె మీద నాకు కోపం లేదు.
ఇరవై ప్రశ్నలు ఓపికతోని అడిగింది.
తలుపు కాడ ఆ కుర్చీ ఎందుకని
ఒక్కటి అడగలేదు.
నన్ను గూడ ఎవ్వరు అడగలేదు.

రాత్రిళ్లు పైన ఇనుప మంచం కిర్రుమంటది.
ఎన్నిసార్లు పొర్లిండో నేను లెక్కపెడ్త.
అతని తోలు బెల్టు నా సూట్‌కేసుల, బట్టల కింద ఉన్నది.
తాళం చెవి నా మొలతాడుకు.
అతను అడగలే. నేను చెప్పలే.
ప్యాంటుకు సుతిలి తాడు కట్టుకొని డ్యూటీకొస్తున్నడు.
స్టోర్లకెల్లి నేనే తెచ్చిచ్చిన,
సన్నది,
పట్టి గుంజితే తెగేది.