చిలుము

డాబాగార్డెన్స్‌లో మూడో అంతస్తు నాది.
లిఫ్టు పనిచెయ్యదు కాబట్టి
నా కొట్టుకొచ్చే వాళ్ళంతా
ముందు ఆయాసపడతారు, తర్వాత మాట్లాడతారు.

శనివారం వచ్చిన ఇద్దరూ మాత్రం
మెట్లమీంచే వాదించుకుంటూ ఎక్కారు.
ఒకరి చంకలో నల్ల పెట్టె.
ఇంకొకరి బియ్యం సంచిలో తెల్ల పెట్టె.
రెండూ ఒకే వారంలో
రొప్పి రొప్పి ఆగిపోయాయట.

గురుమూర్తి షిప్‌యార్డులో తుప్పు గీకుతాడు.
ఇరవై రెండేళ్ళుగా ఓడల పొట్టల కింద నిలబడి
ఏ రేకు లోపల పుచ్చిందో
సుత్తి మోతని బట్టి చెబుతాడు.
నల్లదాన్ని కొనేముందు
జగదాంబ దగ్గర షాపులో గంటసేపు
ఆటలో ఏదో పాత రేవు చుట్టూ తిరిగాడట.
శత్రువులు కాలుస్తూనే ఉన్నారు,
ఇతను చస్తూనే ఉన్నాడు,
లేచినప్పుడల్లా లంగరు గొలుసు దగ్గరికే పోయి
తుప్పు చూసుకున్నాడు.

"తెల్లదాన్లో తుప్పంటే గోధుమరంగు పూత, అంతే.
ఇందులో కణుపు కణుపుకీ వేరు.
వానకి కిందికి కారిన చార కూడా వేశాడు మహానుభావుడు!
కాకపోతే ఒకటి...
అది ఉప్పు లేని ఊరి తుప్పు.
మన దగ్గర ఇనుము అలా నిదానంగా చావదు."

"బొమ్మ బాగుంటే ఏటి గురూ,
అవతల మనిసి నేనప్పుడు?"
ఎల్లాజీది పెదజాలారిపేట.
తమ్ముడు దానయ్య వెరావల్‌లో బోటు మీద.
పన్నెండు రోజులు నీళ్ళు, రెండు రోజులు నేల.
ఆ రెండు రోజులూ, రాత్రి పదిన్నరకి,
బోటు ఓనరు కొడుకు గదిలోంచి
తెర మూల ఒక పచ్చ చుక్క వెలుగుతుంది.

పడవ వాటా దగ్గర తెగిన మాట
మూడేళ్ళయినా ఫోనులోకి రాలేదు.
ఆటలో మాత్రం తమ్ముడు
కుడివైపు నుంచి బంతి పంపుతాడు,
అన్న తన్నుతాడు.
పడితే ఇద్దరి బొమ్మలూ కౌగిలించుకుంటాయి.
అది ఆటే చేయిస్తుంది, వీళ్ళు నొక్కక్కర్లేదు.

"నెలనెలా చందా గుంజుతాడు కదా మీవాడు?"
"గుంజనీ. నీదాన్లో లైను అందుకునేలోగా
నా బోటు పోయి మళ్ళీ ఒచ్చేస్తాది."
"సర్వరు పడిపోయిన నాడు?"
ఎల్లాజీ దానికి జవాబు చెప్పలేదు.
"అక్కా, నువ్వు సెప్పు. ఏది మంచిది?"

నా దగ్గరికి మంచివేవీ రావన్నాను.

మరలు విప్పాను.
నల్లదాని ఫ్యానులో ఎర్ర రంగు పొడి,
బట్టలతో యార్డు నుంచి వచ్చినదే.
తెల్లదాంట్లో ఇసుక,
రెక్కకి అంటుకుని ఒక్కటంటే ఒక్క పొలుసు.
ఆ కింద రెండిటికీ ఒకే రాగి గొట్టం,
ఒకే కంపెనీ చిప్పు,
రెండిటి మీదా ఒకే చిలుము.
కిటికీ సందుల్లోంచి వచ్చే గాలికి
ఏ పెట్టె ఎవరిదో ఏం తెలుసు?

గురుమూర్తి నా భూతద్దం లాక్కున్నాడు.
పచ్చ అంచున నీలం, నీలం అంచున తెల్లటి ఉప్పు,
మధ్యలో సన్నటి పగులు.
చాలాసేపు ఊపిరి బిగబట్టి చూశాడు.
"ఇదీ," అన్నాడు చివరికి,
"ఇంకా ఎవడూ ఇలా వెయ్యలేదు."

ఎల్లాజీ అద్దం వైపు చూడలేదు.
గోడ మీద టైము ఎనిమిదీ ముప్పావు.
"పదిన్నరకి అయిపోతాదా అక్కా?
బోటు నిన్నే ఒడ్డుకొచ్చింది."

అతనిదే ముందు అందుకున్నాను.
దూది ముంచి, పచ్చదనమంతా తుడిచాను.

ఇద్దరికీ ఒకటే రేటు చెప్పాను, ఆరొందలు.
అప్పుడు మాత్రం ఇద్దరూ ఒక పక్క చేరి
నాతో పోట్లాడారు.